నాలుక నేర్చిన కారం

2018 మే నెలలో, మేము అప్పట్లో పనిచేస్తున్న ఒక యూనిట్‌లో, బి షిఫ్టు ముగియడానికి గంట ముందు ఒక ట్రైనీ ఇంజనీరు రోలింగ్ మిల్లు పైనున్న నడకదారి మీద స్పృహ తప్పి పడిపోయాడు. రెయిలింగు అడ్డుగా ఉండబట్టి సరిపోయింది. ఎండదెబ్బ అనుకుని అతణ్ణి ఆసుపత్రికి చేర్చాం. వైద్యాధికారి నాడి చూసి, బరువు చూసి, ఆ పూట ఏం తిన్నావని అడిగారు. పెరుగన్నం, రెండు అరటిపళ్లు అన్నాడు. నిన్న? అదే. మొన్న? అదే. హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఆ యువకుడు ఉద్యోగంలో చేరిన పదకొండు వారాలలో తొమ్మిది కిలోల బరువు తగ్గాడని అప్పుడు తెలిసింది.

క్యాంటీన్‌లో కూర, సాంబారు, చివరకు పప్పు కూడా నోట పెట్టలేకపోతున్నానని అతడు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడానికి కారణం లేకపోలేదు. చేరిన మొదటి వారంలో వంకాయ కూర తిని కళ్లనీళ్లు పెట్టుకున్నప్పుడు ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నవారు నవ్వారు. అలా నవ్విన వారిలో మేమూ ఉన్నాం.

250 మందికి మించి కార్మికులు పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలనీ, దాని నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకు భాగం కల్పించాలనీ 1948 నాటి కర్మాగారాల చట్టం నిర్దేశించింది. ఆ విధంగా ఏర్పడిన కమిటీలో మేము నలుగురం సభ్యులం: భద్రతా విభాగపు ఇంజనీరు, ప్రయోగశాలలో పనిచేసే బెంగాలీ రసాయన శాస్త్రవేత్త, వైద్యాధికారి, యూనియన్ ప్రతినిధి. వ్యవహారం సహజంగానే మా ముందుకు వచ్చింది. పరిష్కారం సులువేనని తలచి, వంటలన్నిటిలో కారం సగానికి తగ్గించమని ఉత్తర్వు ఇచ్చాం. వంటమేస్త్రి తల పంకించి ఊరుకున్నాడు. ఆ వారమంతా సాంబారు బకెట్లు నిండుగా వెళ్లి నిండుగా తిరిగి వచ్చాయి. కార్మికులు ఇంటి నుంచి పచ్చడి సీసాలు తెచ్చుకున్నారు. శనివారం నాటికి గేటు దగ్గర నోటీసు అంటించారు. ఒక్కడి కోసం రెండు వేల మంది చప్పిడి కూడు తినాలా అన్నది దాని సారాంశం. సోమవారం ఉత్తర్వు ఉపసంహరించుకున్నాం.

అప్పుడు గాని మాకు ఒక సంగతి తట్టలేదు. కొలత లేని వస్తువును తగ్గించమనీ పెంచమనీ ఉత్తర్వులు ఇస్తున్నాం. కారం అంటే ఏమిటో ముందు తెలుసుకోవద్దా?

మన పెద్దలు షడ్రుచులలో కటువును ఒకటిగా చెప్పారు. నేటి శరీరశాస్త్రం దానిని రుచిగా అంగీకరించదు. తీపి, పులుపు, ఉప్పు, చేదులకు నాలుక మీద రుచిమొగ్గలు ఉన్నాయి. మిరప కారాన్ని తెలుసుకునేవి మాత్రం నొప్పినీ వేడినీ మోసే నాడులు. మిరపలోని కారపు పదార్థానికి 1876లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు థ్రెష్ క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. అది నాలుకను ఎలా మండిస్తుందో తేలడానికి మరో నూట ఇరవై ఏళ్లు పట్టింది. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఆ గ్రాహకాన్ని కనుగొన్నది. 2021లో ఆయనకు నోబెల్ పురస్కారంలో భాగం లభించింది. టీఆర్‌పీవీ1 అని పిలిచే ఈ గ్రాహకం మామూలుగా 43 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో మేల్కొంటుంది. పొయ్యి మీది గిన్నె చేతికి తగిలినప్పుడు మెదడుకు కబురు పంపేది అదే. క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకుండానే అది మోగుతుంది. అగ్గి లేకుండా మోగే ఫైర్ అలారం అన్నమాట. నోరు మండుతున్నదని మనం అనే మాట అలంకారం కాదు, నాడి చెప్పిన సాక్ష్యం.

మిరపకాయలో కారం గింజలలో ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లని పొరలో అది తయారవుతుంది. అది నీటిలో కరగదు. నూనెలో, కొవ్వులో కరుగుతుంది. నోరు మండినప్పుడు గ్లాసెడు మంచినీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుందే గాని తగ్గదు. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు దానిని నాలుక మీది నుంచి తొలగిస్తుంది. భోజనం చివర మజ్జిగ, ముద్దపప్పు మీద నెయ్యి, ఇవి రసాయన శాస్త్రం పుట్టకముందే మన వంటిళ్లు కనిపెట్టుకున్న ఉపాయాలు.

ఇక కొలత. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ నిపుణుడు ఒక పద్ధతి చెప్పాడు. ఎండుమిరపను ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని చక్కెర నీటిలో పలుచన చేస్తూ పోవాలి. రుచి చూసేవారికి కారం తెలియకుండా పోయేసరికి ఎన్ని రెట్లు పలుచన చేశామో, అన్ని స్కోవిల్ యూనిట్లు. మా రసాయన శాస్త్రవేత్త ఒక ఆదివారం క్యాంటీన్ వంటగదిలో ఆ ప్రయోగం చేద్దామన్నారు. (ఆల్కహాల్ ఎక్కడి నుంచి సేకరించామన్నది సంస్థ పత్రికలో రాయదగిన విషయం కాదు.) గుంటూరు సన్నం మిరపకాయ తీసుకున్నాం. మొదటి గ్లాసులోనే వెయ్యి రెట్లు పలుచన చేసి, తరువాతి ప్రతి గ్లాసులో గాఢత సగం చేస్తూ పోయాం. నాలుక మొద్దుబారకుండా మధ్యమధ్య విరామం ఇచ్చాం. ఆసుపత్రి నుంచి వచ్చి విశ్రాంతి తీసుకుంటున్న ట్రైనీని కూడా, అతడు సరే అన్న తరువాతనే, వైద్యాధికారి ఎదుట కూర్చోబెట్టాం.

తెలుగువాళ్లం అయిదో గ్లాసు దగ్గరే ఇందులో ఏమీ లేదని చేతులు కడుక్కున్నాం. బెంగాలీ మిత్రుడు ఆరో గ్లాసు దాకా వచ్చాడు. హిమాచల్ యువకుడు ఎనిమిదో గ్లాసు పెదవికి తాకించి ఇంకా ఉందన్నాడు. లెక్క వేస్తే మా నాలుకల ప్రకారం ఆ మిరపకాయ కారం 16,000 యూనిట్లు. అతడి నాలుక ప్రకారం 1,28,000కు తక్కువ కాదు. ఆ రకానికి గ్రంథాలలో చెప్పేది 35,000 నుంచి 40,000 వరకు. ఒకే మిరపకాయ, ఒకే గ్లాసులు. మేము మిరపను కొలుస్తున్నామనుకుంటూ మీటర్లను కొలిచాం. స్కోవిల్ పద్ధతిలోని ఈ దోషం తెలిసే సుగంధద్రవ్యాల వాణిజ్యం తరువాతి కాలంలో యంత్రాలతో క్యాప్సైసిన్ మోతాదును నేరుగా కొలిచే క్రొమటోగ్రఫీకి మారింది. కానీ అన్నం తినేది యంత్రం కాదు గదా!

ఆ కుర్రవాడు నవ్వుతూనే ఒక మాట అన్నాడు: "మీరు అబద్ధం చెబుతున్నారనుకున్నాను సార్. కారం లేదు, తిను అంటూ నన్ను ఏడిపిస్తున్నారనుకున్నాను." మేము నిజమే చెప్పాం. మా నోళ్లకు లేదు. అతడి నోటికి ఉంది.

ఈ తేడా పుట్టుకతో వచ్చిందా? కొంత వాటా వంశపారంపర్యానిది. ఫిన్లాండ్‌లో కవలల మీద జరిపి 2012లో ప్రకటించిన అధ్యయనం కారం పట్ల ఇష్టంలో జన్యువుల పాత్ర గణనీయమేనని తేల్చింది. అయితే అది ఒకే దేశంలోని మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా. జాతికీ జాతికీ మధ్య తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే మెక్సికో వెళ్లాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ రోజిన్ అక్కడి ఓహాకా ప్రాంతపు ఒక కొండపల్లెలో మిరపకాయ తినే తీరును పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించాడు. మిరప పుట్టిన ఖండం అది. ఆ ఊళ్లో దాదాపు ప్రతి భోజనంలోనూ మిరప ఉంటుంది. అయినా పసిపిల్లలకు కారం ఇష్టం లేదు. వారిని ఎవరూ బలవంతపెట్టరు. పెద్దలూ, అన్నలూ, అక్కలూ ఇష్టంగా తింటుండగా చూస్తూ చూస్తూ, కొద్ది కొద్దిగా రుచి చూస్తూ, అయిదారేళ్లు దాటేసరికి తామే అడిగి వేయించుకుంటారు. అదే ఊళ్లోని కుక్కలు, పందులు పుట్టింది మొదలు మిరప కలిసిన ఎంగిలి మెతుకులే తింటాయి. వాటి ముందు కారం పూసిన బిస్కట్టూ, పూయని బిస్కట్టూ పెడితే పూయనిదాని వైపే వెళ్లాయి. అంటే నాలుక అలవాటు పడితే చాలదు; పక్కన కూర్చుని తినే మనుషులు కూడా కావాలి.

ఇది చదివినప్పుడు మా అందరికీ ఆవకాయ ముక్క జ్ఞాపకం వచ్చింది. మన ఇళ్లలో తల్లులు ఆవకాయ ముక్కను నీళ్లలో కడిగి పిల్లవాడి కంచంలో వేస్తారు. మొదట రెండుసార్లు కడుగుతారు. ఏడాది పోయాక ఒకసారి. ఆ తరువాత కడగకుండా, నెయ్యి ఎక్కువ కలిపి. ఒకనాడు పిల్లవాడే జాడీలో చెయ్యి పెడతాడు. తెలుగువాడి నాలుక ఈ క్రమంలో తయారైనదే గాని గోదావరి నీళ్లతోనో కృష్ణ నీళ్లతోనో వచ్చినది కాదు. నాడులు కూడా ఈ శిక్షణకు లొంగుతాయి. పదే పదే క్యాప్సైసిన్ తగిలితే అవి స్పందించడం మానుకుంటాయని హంగేరీ శాస్త్రజ్ఞుడు మిక్లోష్ యాంచో 1940లలోనే గమనించాడు. అలారం చెడిపోలేదు, దాని సెట్టింగు మారింది.

ఆ మాటకొస్తే ఆంధ్రుల కారం అనాదిగా వస్తున్నదేమీ కాదు. మిరప మన దేశానికి పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకు మునుపు మన వంటలకు కారం మిరియాలది, పిప్పళ్లది, అల్లానిది. మిరప అన్న పేరులోనే మిరియం వినిపిస్తున్నది. కొరియావారి కిమ్చీ కూడా మిరప చేరక మునుపు ఎర్రగా ఉండేది కాదు. మూడు నాలుగు వందల ఏళ్లలో ఒక జాతి నాలుక ఇంతగా మారిందంటే దానికి బలమైన కారణమే ఉండాలి.

వేడి దేశాలలో ఆహారం త్వరగా పాడవుతుంది, మసాలాలు సూక్ష్మక్రిములను చంపుతాయి, కనుక అక్కడివారు కారం తింటారు అన్న వాదం 1998లో అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. వినడానికి సబబుగానే ఉంటుంది. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు 70 రకాల వంటసంప్రదాయాలకు చెందిన 33,750 వంటకాలను లెక్కకట్టి చూసి, ఉష్ణోగ్రతతో ఈ విషయం తేలదన్నారు. మాకు మరొక కారణం సమంజసంగా తోస్తున్నది. చైనాలోని గుయ్‌జౌ రాష్ట్రంలో పూర్వం ఉప్పు దొరికేది కాదు. దూరప్రాంతాల నుంచి కొండదారులలో మోసుకు రావలసి వచ్చేది. అక్కడి కొండజాతులు ఉప్పుకు బదులు మిరప వాడుకుంటున్నారని 1720ల నాటి స్థానిక చరిత్రలో నమోదై ఉంది. చైనాలో నేటికీ కారానికి పేరుపడ్డ ప్రాంతాలలో అదొకటి. ఉప్పు కొనలేనివాడు కారంతో అన్నం దింపుకున్నాడు. మన మెట్టప్రాంతాల ఇళ్లలో గొడ్డుకారం ఎందుకు పుట్టింది? సంకటి ముద్దకు పక్కన మరేమీ లేని పూటలు ఉండబట్టే. పెరట్లో నాలుగు మిరప మొక్కలుంటే కంచం ఎర్రబడుతుంది, ముద్ద గొంతు దిగుతుంది. ఇవాళ మనం పౌరుషమని చెప్పుకునే దాని వెనుక మన ముత్తాతల లేమి ఉండి ఉండవచ్చు. యూనియన్ ప్రతినిధికి ఈ మాట నచ్చలేదు. రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, వాళ్ల నాయనమ్మ చెప్పిన కరువు సంగతులు తానే చెప్పాడు.

కారాలలో రకాలున్నాయన్న సంగతి కూడా అప్పుడే అనుభవంలోకి వచ్చింది. మిరప దగ్గర మేము ఎగతాళి చేసినందుకు ప్రతిగా బెంగాలీ మిత్రుడు ఇంటి నుంచి కాసుందీ అనే ఆవముద్ద తెచ్చాడు. ఆవాల ఘాటు నాలుక మీద నిలవదు. ఆవిరై ముక్కుపుటాల లోంచి నెత్తికి ఎక్కుతుంది. అది వేరే రసాయనం, తట్టే గ్రాహకం కూడా వేరు. ఆవకాయలో ఆవపిండి తింటూ పెరిగాం, ఇదెంత అని చెంచాడు నోట్లో వేసుకున్న యూనియన్ ప్రతినిధి కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. చైనాలోని సిచువాన్ మిరియం మరొక వింత. అది మండదు, పెదవులను తిమ్మిరెక్కిస్తుంది. లండన్ శాస్త్రజ్ఞులు 2013లో ఆ తిమ్మిరిని కొలిస్తే, అది సెకనుకు సుమారు 50 సార్లు కంపించినట్లు నాడులకు తోస్తున్నదని తేలింది. 50 హెర్ట్జ్! మన కరెంటు సరఫరా పౌనఃపున్యం అదే. ఎలక్ట్రికల్ విభాగపు మిత్రులకు ఈ సంగతి చెప్పి చాలా రోజులు నవ్వుకున్నాం.

సహనం ఎంత స్థానికమో చెప్పడానికి 2024 నాటి ఒక ఉదంతం చాలు. దక్షిణ కొరియాలో యువకులు సరదాగా తినే మూడు రకాల కారపు నూడుల్స్‌ను ఆ ఏడాది జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ మార్కెట్టు నుంచి తొలగించమని ఆదేశించింది. క్యాప్సైసిన్ మోతాదు పిల్లలకు విషప్రాయమన్నది వారి భయం. జూలైలో తిరిగి పరిశీలించి రెండు రకాలను అనుమతించింది. అన్నిటికన్నా కారమైనదాన్ని అనుమతించలేదు. డెన్మార్క్ అధికారులను చూసి నవ్వడం తేలిక. అయితే 2023లో అమెరికాలో పందెం కోసం మితిమీరిన కారపు చిప్ తిన్న పద్నాలుగేళ్ల బాలుడొకడు మరణించాడు. అతడికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని తరువాత తెలిసింది. మన ట్రైనీ హాస్టళ్లలో కూడా ఇటువంటి పందేలు జరుగుతుంటాయి. వాటిని పెద్దలు ప్రోత్సహించరాదని వైద్యాధికారి ఈ వ్యాసంలో తప్పక రాయమన్నారు.

మరి క్యాంటీన్ సంగతి? దారి చూపినది వంటమేస్త్రి. హంగేరీవారు మిరప లోపలి పొరలు తొలగించి, తీపి రకాలు పండించి, ఎర్రగా ఉండి మండని పొడి వాడతారని మేము ఎక్కడో చదివి అతడికి చెప్పాం. అతడు సావధానంగా విని, "అంతదూరం ఎందుకు సార్, మన బ్యాడిగి కాయ ఉందిగా" అన్నాడు. కర్ణాటకలో హావేరి ప్రాంతపు బ్యాడిగి మిరపకు రంగు ఎక్కువ, కారం తక్కువ. మన వరంగల్ చపాటా మిరప కూడా అటువంటిదే. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎరుపు తగ్గితే కార్మికుడు కంచం ముట్టుకోకముందే చప్పగా ఉందంటాడనీ, సగం కారం కన్ను తింటుందనీ వంటమేస్త్రి సిద్ధాంతం. మా ఉత్తర్వు ఎందుకు విఫలమైందో అప్పుడు తెలిసింది. ఆ వారం సాంబారు పసుపు రంగులో ఉంది.

ఆ నెలాఖరు నుంచి కూర, సాంబారు బ్యాడిగి పొడితో వండారు. ప్రతి కౌంటరు దగ్గర గుంటూరు కారం నూనెలో వేయించి స్టీలు గిన్నెలో పెట్టి చెంచా వేశారు. ఎవరికి కావలసినంత వారు వేసుకోవచ్చు. కారం అసలే వద్దనేవారికి చివరి కౌంటరులో తెల్ల రంగు పూసిన బకెట్టుతో పప్పు, ఒక కూర. ఖర్చు పెరగలేదు. ఫిర్యాదుల పుస్తకంలో పది రోజులపాటు ఏవో రాశారు, తరువాత మానేశారు.

హిమాచల్ యువకుడు నాలుగు నెలల్లో పోయిన బరువు తెచ్చుకున్నాడు. పెరుగులో సెనగలు ఉడికించే మద్రా తిని పెరిగినవాడు గదా, మొదట తెల్ల బకెట్టు దగ్గరే నిలబడ్డాడు. ఉగాది నాటికి మామూలు కౌంటరుకు వచ్చాడు. మరుసటి ఏడాది కారం గిన్నెలో చెంచా ముంచడం మేము కళ్లారా చూశాం. ఎవరూ పిలవలేదు, ఎవరూ నవ్వలేదు. బదిలీ మీద వెళ్లిన తరువాత ఫోన్ చేసి, సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ చేసిన మద్రాలో రహస్యంగా మిరపపొడి చల్లుకుంటూ దొరికిపోయాననీ, అందరూ నవ్వారనీ చెప్పాడు. దీనికి ఎదురు దృష్టాంతం మా ఇళ్లలోనే ఉంది. అమెరికాలో పుట్టిన మనవలు వేసవిలో వచ్చి, మిరియాల చారు ఒక గుక్క తాగి నీళ్ల కోసం పరుగెడతారు. అమ్మమ్మ కడిగి పెట్టిన ఆవకాయ ముక్క వారికి దక్కలేదు.

ఆ యూనిట్‌లో మేము ఉన్న చివరి సంవత్సరం తెల్ల బకెట్టు వాడకం లెక్క తీయించాం. ఇతర రాష్ట్రాల ట్రైనీల సంఖ్య పెరగలేదు, బకెట్లు మాత్రం ఒకటి నుంచి మూడయ్యాయి. వైద్యాధికారి చిరునవ్వుతో కారణం చెప్పారు. కడుపులో పుండుకు ముఖ్యకారణం మిరప కాదనీ, హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు అనీ వైద్యశాస్త్రం తేల్చింది. ఆ సూక్ష్మజీవిని పట్టుకున్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ కూడా వచ్చింది. అయినా యాభై దాటి, పుల్లని తేన్పులతో నిద్ర పట్టనివాడికి కారం తగ్గించమనే చెప్పాలట. మేమూ ఒకరోజు ఆ వరుసలో నిలబడ్డాం. మాకు ముందు యూనియన్ ప్రతినిధి ఉన్నాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, "డాక్టరుగారు చెప్పారండీ" అన్నాడు. మేము ఏమీ అడగలేదు. కంచం ముందుకు చాచాం.